పరాజయము నేర్పిన పాఠము

గెలుపు కలిగినపుడు అది తమ వలననే కలిగినదని చెప్పుకొనువారు పలువురుందురు. ఓటమి కలిగినపుడు ఆ భారమును మోయుటకు ముందునకు వచ్చువారు అరుదు. తోడివారిదో, పైవారిదో, కాలముదో దోషమని చెప్పి తప్పించుకొనుట సులభము. ఓటమిలో తన పాలెంతయో వెదకి చూచుకొని, లోపములను దిద్దుకొని, ఓడిన చోటనే తిరిగి గెలిచిన సేనాని యొకడు రెండవ ప్రపంచయుద్ధ కాలమున భారతదేశపు తూర్పు సరిహద్దున నుండెను. అతని పేరు విలియమ్ జోసెఫ్ స్లిమ్.

స్లిమ్ 1891వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున జన్మించెను. తండ్రి ఇనుప సామానుల వ్యాపారి. వ్యాపారము కలిసిరాకపోవుటచే ఆ కుటుంబము బర్మింగుహాము నగరమునకు తరలిపోయెను. కుమారుని విశ్వవిద్యాలయమునకు పంపుటకు తల్లిదండ్రులకు శక్తి చాలలేదు. స్లిమ్ కొంతకాలము పేదలు నివసించు పేటలో బడిపంతులుగను, తరువాత లోహపు గొట్టములు చేయు నొక కంపెనీలో గుమాస్తాగను పనిచేసెను. అన్నము చాలని పిల్లలను, పగలంతయు కష్టించు కార్మికులను అతడు దగ్గరనుండి చూచెను. సామాన్యుల కష్టసుఖములను గూర్చి అప్పుడు కలిగిన ఎరుక అతనిని జీవితాంతము విడువలేదు.

సైన్యాధికారి కావలెనని స్లిమ్ కోరిక. ఆ కాలమున ఆ పదవులు సాధారణముగ కలవారి బిడ్డలకే దక్కుచుండెను. అయినను అతడు నిరాశ చెందక, విశ్వవిద్యాలయమున విద్యార్థి కాకపోయినను అచ్చటి సైనికశిక్షణ దళమున చేరెను. 1914లో మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభము కాగానే అతనికి అధికారి పదవి లభించెను. 1915లో గల్లిపోలి యుద్ధమున తుపాకిగుండు తగిలి తీవ్రముగ గాయపడెను. కోలుకొని మెసపొటేమియా వెళ్ళి, అచ్చటను గాయపడి, శౌర్యపతకము నందెను. యుద్ధానంతరము భారతసైన్యమున ప్రవేశించి గూర్ఖాదళమున చేరెను. గూర్ఖాలీ, ఉర్దూ భాషలు నేర్చి సైనికులతో వారి భాషలోనే మాట్లాడుచుండెను. జీతము చాలనందున మారుపేరుతో కథలు వ్రాసి పత్రికలకు పంపుచుండెను.

1940వ సంవత్సరము నవంబరులో స్లిమ్ సూడాను, అబిసీనియా దేశముల సరిహద్దున గల్లాబాతు అను కోటను ముట్టడించెను. కోట చిక్కినది. కాని టాంకులు చెడిపోయెను. ఇటలీవారి విమానములు బాంబులు కురిపించెను. సైన్యము కొంత చెదరెను. ముందునకు పోవుటయా, వెనుకకు తగ్గుటయా యని నిర్ణయింపవలసి వచ్చినపుడు స్లిమ్ వెనుకకు తగ్గెను. ఆ నిర్ణయము సరియైనది కాదని అతడు తరువాత గ్రహించెను. ఓటమికి సాకులు ఎన్నియైనను దొరకును గాని, కారణము మాత్రము ఒక్కటే, అది తానేయని అతడు వ్రాసికొనెను. ఈ నిర్దాక్షిణ్యమైన ఆత్మపరీక్షయే మున్ముందు అతనికి పెద్ద ఆయుధమయ్యెను.

1941వ సంవత్సరము డిసెంబరులో జపాను యుద్ధమునకు దిగెను. కొలది వారములలోనే జపానుసేనలు బర్మాలో ప్రవేశించి, 1942 మార్చి 8వ తేదీన రంగూను నగరమును పట్టుకొనెను. ఆ నెలలోనే స్లిమ్ బర్మాలోని సేనలకు నాయకుడుగ నియమింపబడెను. అప్పటికే ఆ సేనలు దెబ్బతిని వెనుకకు తగ్గుచుండెను. రంగూను రేవు శత్రువుల వశమగుటచే క్రొత్తదళములు గాని, ఆహారము గాని, మందుగుండు గాని వచ్చు మార్గము లేకుండెను.

ఆ రోజులలో బర్మాలో లక్షలాది భారతీయులుండిరి. వారిలో తెలుగువారు పెక్కుమంది. గోదావరి ముఖద్వారమున నున్న కోరంగి రేవునుండి వారి పూర్వులు ఓడలెక్కి వెళ్ళుటచే బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు వచ్చెను. తాము ‘రంగ’మని పిలుచుకొన్న రంగూనులో వారు రేవుకూలీలుగను, బియ్యపు మిల్లులలో పనివారుగను బ్రదుకు సాగించుచుండిరి. జపానువారి బాంబులు పడగానే జనులు మూటలు నెత్తిన పెట్టుకొని, పిల్లలను చంకనిడుకొని, భారతదేశమునకు బయలుదేరిరి. ఓడలు దొరకనివారు కొండదారులబట్టి కాలినడకను సాగిరి. ఆకలిచేతను, కలరా మలేరియాలచేతను వేలకొలది ప్రజలు త్రోవలోనే ప్రాణములు విడిచిరి. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసెను. బర్మాలో రగిలిన మంటల సెగ తెలుగుతీరమును గూడ తాకెను.

స్లిమ్ నడిపిన సేన సుమారు 900 మైళ్ళు వెనుకకు నడిచెను. జపాను సైనికులు కొద్దిపాటి తిండి మూట గట్టుకొని అడవిలో పడి నడచుచు, బ్రిటిషు భారతీయ సేనల వెనుకకు చేరి, బాట నరికట్టుచుండిరి. లారీలకును రహదారికిని అలవాటుపడిన సేన ఆ అడ్డును దాటలేక చిక్కుబడుచుండెను. యెనాంగ్యాంగు అనుచోట శత్రువులకు దక్కకుండ నూనెబావులను కాల్చివేయగా, ఆ పొగలోను, మండుటెండలోను, నీరు దొరకక ఒక డివిజను శత్రువుల నడుమ చిక్కుకొనెను. చైనా సేనయొకటి సహాయమునకు వచ్చుటచే అది బయటపడగలిగెను.

మే నెలలో వర్షములు మొదలగు వేళకు ఆ సేన మణిపురములోని ఇంఫాలు ప్రాంతమునకు చేరెను. స్లిమ్ బాటప్రక్కన నిలిచి, కడపటి దళములు భారతదేశములోనికి వచ్చుచుండగా చూచెను. వారి బట్టలు చినిగియుండెను. గడ్డములు పెరిగియుండెను. మలేరియాచేతను, విరేచనములచేతను క్రుంగి వారు ఎముకలగూళ్ళవలె నుండిరి. అయినను వరుస తప్పలేదు. చేతి ఆయుధమును విడువలేదు. స్లిమ్ వారియొద్ద సెలవు తీసికొనునపుడు వారు అతనికి జేజేలు పలికిరి. గెలిపించిన నాయకునకు జేజేలు పలుకుట లోకసహజము. ఓటమిలోను, తిరోగమనములోను తమను నడిపించిన నాయకునకు బడలిన సైనికులు జేజేలు పలుకుట విని అతని హృదయము కరగెను. దానికి తానర్హుడను కానని అతని తల వంగెను.

అటుపిమ్మట స్లిమ్ తన పరాజయమును గూర్చి దీర్ఘముగ ఆలోచించెను. విమానములు చాలకపోవుట, రేవు పోవుట మొదలగు కారణములు నిజమైనవే. అయినను అంతటితో అతడు తృప్తి చెందలేదు. శత్రువు తనకంటె మేలుగ చేసిన పనులేవియని ప్రశ్నించుకొనెను. జపాను సైనికునకు అడవి దారియైనది; తన సైనికునకు అది గోడయైనది. శత్రువు వెనుకకు చేరగానే తనవారు చిక్కుబడితిమని బెదరిరి. తానును ఎదురుదాడికి తగిన సమయమును అందుకొనలేకపోయెను. ఈ లోపములను అతడు దాచుకొనక, వానినుండియే క్రొత్త సూత్రములను ఏర్పరచెను.

అడవి మిత్రుడును కాదు, శత్రువును కాదు. అందు నివసించి, నడచి, అలవాటు పడినవానికి అది ఆశ్రయమిచ్చును. శత్రువు వెనుకకు చేరినచో, చుట్టుముట్టబడినది తామని తలపక, ఆ శత్రువే తమ నడుమ చిక్కెనని తలపవలెను. ఎదురుగ పోయి ఢీకొనుటకంటె ప్రక్కనుండి చుట్టిపోవుట మేలు. సైన్యములో పోరాడనివాడు ఉండరాదు. వంటవాడైనను, గుమాస్తాయైనను, వైద్యశాల సేవకుడైనను తన చోటును తాను కాపాడుకొనగలిగి యుండవలెను. ఇవి ఆ సూత్రములలో ముఖ్యమైనవి.

వీనిని ఆచరణలో పెట్టుటకు రాంచీ ప్రాంతమున శిక్షణ ప్రారంభించెను. మొదటి పాఠము తన కార్యాలయమునకే చెప్పెను. అచ్చటి గుమాస్తాలు, పెద్ద అధికారులు అందరును వ్యాయామము చేసి, మైళ్ళకొలది నడువవలసి వచ్చెను. ఓడిన సైనికుని మనస్సున శత్రువు అజేయుడను భయము పాతుకొని యుండును. దానిని ఉపన్యాసములతో తొలగింపజాలమని స్లిమ్ ఎరుగును. అందుచే మొదట చిన్నచిన్న గస్తీ దళములను అడవిలోనికి పంపి, తేలికగ గెలువగల పనులనే అప్పగించెను. చిన్న శత్రుదళము మీదికి కావలెనని పెద్దదళమును పంపుచుండెను. ఇట్లు చిన్న గెలుపులు ప్రోగుపడి భయమును కరగించెను.

1943వ సంవత్సరము అక్టోబరులో అతడు తూర్పు సరిహద్దు సేనకు అధిపతి యయ్యెను. అదియే పదునాల్గవ సైన్యము. అందు భారతీయులు అధికసంఖ్యాకులు. గూర్ఖాలు, బ్రిటిషువారు, ఆఫ్రికావారు కూడ నుండిరి. దూరమున ఐరోపాలో జరుగు యుద్ధముల వార్తలే పత్రికలలో నిండియుండుటచే, దీనిని ‘మరువబడిన సైన్య’మని చెప్పుకొనుచుండిరి.

ఆ సైన్యమునకు జపానువారికంటె ఘోరమైన శత్రువు రోగము. 1943లో గాయపడి వైద్యశాలకు పోవు సైనికుడొకడుండగా, రోగముచే పోవువారు 120 మంది యుండిరి. ఏడాదిలో నూటికి 84 మంది మలేరియాకు లోనగుచుండిరి. సైన్యము కనులయెదుట కరగిపోవుచుండెను. రోగులను వందలమైళ్ళు వెనుకకు పంపుట మాని, యుద్ధరంగమునకు చేరువనే చికిత్సాకేంద్రములను ఏర్పాటు చేయించెను. అందుచే సైనికుడు నెలల తరబడి దూరముగ నుండుట తప్పెను. తీవ్రముగ గాయపడినవారిని విమానములలో తరలించిరి. సూర్యాస్తమయము కాగానే ప్రతివాడును చొక్కాచేతులు దించుకొనవలెను. దినదినము మెపాక్రిన్ అను మాత్రను మ్రింగవలెను. ఆ మాత్రవలన పురుషత్వము పోవునను వదంతి పుట్టగా పలువురు దానిని పారవేయుచుండిరి. స్లిమ్ హఠాత్తుగ తనిఖీలు చేయించి, సైనికుల రక్తమును పరీక్షింపించెను. నూటికి 95 మందికి తక్కువగ మాత్ర మ్రింగినట్లు తేలినచో, శిక్ష సైనికునకు గాక ఆ దళాధిపతికి పడుచుండెను. ముగ్గురు దళాధిపతులను పదవినుండి తొలగింపగానే తక్కినవారికి బుద్ధి వచ్చెను. 1945 నాటికి దినమునకు వేయిమందిలో ఒక్కడు మాత్రమే రోగి యగుచుండెను. మంచి సేనాని వైద్యుని మాటను పాటింపజేయుటయు యుద్ధములో భాగమే.

ముందున్న దళములకు తిండి సగము చేయవలసి వచ్చినపుడు, తన కార్యాలయములోని వారందరికిని సగము తిండియే పెట్టవలెనని స్లిమ్ ఆజ్ఞాపించెను. ఆకలి యెట్టిదో తెలిసిన అధికారులు సరకులు త్వరగ పంపుదురని అతని ఆలోచన. సైనికుల శ్రమలో పాలుపంచుకొనని నాయకుని మాటకు బలముండదని అతడు నమ్మెను.

రహదారులు లేని అడవులకు ఆహారము చేర్చుటకు విమానములే దిక్కు. మూటలను పైనుండి దించుటకు వలసిన పట్టు పారాచ్యూట్లు దొరకలేదు. ఇంగ్లండునుండి వచ్చునని ఎదురుచూచుచు కూర్చుండక, స్లిమ్ బంగాళమున సమృద్ధిగ దొరకు జనపనార వైపు చూచెను. కలకత్తా జనపనార మిల్లుల యజమానుల సహాయముతో నారగుడ్డతో పారాచ్యూట్లు కుట్టించెను. పట్టుదానికి 20 పౌన్లకు పైగ ఖర్చుకాగా, దీనికి ఒక పౌనుకంటె కొంచెమెక్కువ మాత్రమే అయ్యెను. మనుష్యులు దిగుటకు పనికిరాకపోయినను, బియ్యపుమూటలకును, మందుగుండు పెట్టెలకును ఇది చక్కగ పనిచేసెను.

ఈ సన్నాహములకు మొదటి పరీక్ష 1944వ సంవత్సరము ఫిబ్రవరిలో అరకాను కొండలలో కలిగెను. జపానుసేన మునుపటివలెనే ఒక డివిజను వెనుకకు చేరి చుట్టుముట్టెను. ఈసారి ఆ డివిజను పారిపోలేదు. గుమాస్తాలు, డ్రైవర్లు, కంచరగాడిదలను తోలువారు మొదలైనవారు సైనికులతో కలిసి, కొండల నడుమ చిన్న మైదానమున రెండు వారములకు పైగ పోరాడిరి. వారికి ఆహారము ఆకాశమునుండి దిగెను. చుట్టుముట్టినవారికి మాత్రము తిండి లేకపోయెను. కడకు వెనుకకు తగ్గినది జపానుసేనయే.

మార్చి నెలలో జపానుసేనాని ముటగుచి పెద్ద సైన్యముతో చింద్విన్ నదిని దాటి ఇంఫాలు మీదికి వచ్చెను. సేనకు సుమారు మూడు వారముల తిండి మాత్రమే కలదు. ఇంఫాలులోని నిల్వలను పట్టుకొని మిగిలిన యుద్ధము సాగింపవచ్చునని అతని లెక్క. స్లిమ్ సేనలను ఇంఫాలు మైదానమునకు రప్పించి, శత్రువును దూరమునకు లాగి, అచ్చట పోరాడ దలచెను.

ఆలోచన మంచిదే గాని అందును రెండు పొరపాట్లు దొర్లెను. ముందున్న డివిజను వెనుకకు తిరుగుట ఆలస్యమయ్యెను. కోహిమా కొండమీదికి చిన్న దళమే వచ్చునని స్లిమ్ భావింపగా, ఒక పూర్తి డివిజనే వచ్చిపడెను. కోహిమాలో నున్నది సుమారు 2,500 మంది. వారిలో పోరాడ శిక్షణ లేనివారును పలువురు. పదివేలకు మించిన శత్రువులను వారు రెండు వారములు నిలువరించిరి. నీరు గ్రుక్కెడు గ్రుక్కెడుగ పంచుకొనిరి. ఒక బంగళా ముందున్న టెన్నిసు ఆటస్థలమున కిరుప్రక్కల కందకములు త్రవ్వుకొని పోరాడిరి. నాగా ప్రజలు దారి చూపిరి, గాయపడినవారిని మోసికొనిపోయిరి. ఈ రెండు పొరపాట్లును తనవేయనియు, తన సైనికుల మొక్కవోని ధైర్యమే వాని ఫలితమునుండి తన్ను కాపాడినదనియు స్లిమ్ తరువాత తన గ్రంథమున స్పష్టముగ వ్రాసెను.

జపానుసేనతోపాటు నేతాజీ సుభాస్ చంద్రబోసు నాయకత్వమునందలి ఆజాద్ హింద్ ఫౌజు కూడ స్వాతంత్ర్యమే లక్ష్యముగ ఈ రంగమున పోరాడెను. 1944 ఏప్రిలు 14వ తేదీన వారు ఇంఫాలునకు దక్షిణముననున్న మొయిరాంగులో తమ పతాకము నెగురవేసిరి. ఇట్లు ఆ కొండలలో రెండు పక్షములందును భారతీయులే యుండిరి. ఒకరు తాము స్వీకరించిన సైనికధర్మమునకు, ఒకరు దేశవిముక్తి కాంక్షకు కట్టుబడి ప్రాణములొడ్డిరి. ఆ యుద్ధములోని విషాదమంతయు ఇందే కలదు.

ఇంఫాలునకు విమానములు ఆహారము తెచ్చుచుండెను. జపానుసేనకు వర్షములు, ఆకలి, రోగములు తోడయ్యెను. కోహిమాలోని జపాను డివిజను అధిపతి, తిండి పంపని పైవారి ఆజ్ఞను ధిక్కరించి తన సైనికులను వెనుకకు మరల్చెను. 1944 జూన్ 22వ తేదీన కోహిమానుండి వచ్చిన దళములును, ఇంఫాలునుండి వచ్చిన దళములును రహదారిపై కలిసికొనెను. దండెత్తివచ్చిన సుమారు 85,000 మందిలో 50,000 మందికి పైగ చనిపోయిరి లేక గాయపడిరి. బ్రిటిషు భారతీయ పక్షమునను వేలకొలది మంది నేలకొరిగిరి.

పిమ్మట స్లిమ్ బర్మాలోనికి నడిచెను. ఐరావతీ నదికి ఉత్తరమున శత్రువు నెదుర్కొన దలచెను గాని, శత్రువు నది దాటి వెనుకకు పోయెను. స్లిమ్ పంతమునకు పోక తన యోచనను మార్చుకొనెను. సేనలో కొంతభాగమును మాండలే దిక్కునకు పంపి, శత్రువు చూపును అటు తిప్పెను. మరియొక భాగమును రహస్యముగ పడమటి లోయలవెంట దక్షిణమునకు నడిపించెను. ఆ భాగము రేడియో వాడక మౌనముగ సాగుచుండగా, దాని పేరిట బొంకు కార్యాలయమొకటి ఉత్తరముననే యుండి సందేశములు పంపుచుండెను. 1945 ఫిబ్రవరిలో ఆ సేన ఐరావతిని దాటి, మార్చి మొదట శత్రువుల సరకుల నిలయమైన మెయిక్టిలాను పట్టుకొనెను. మార్చి 20వ తేదీన మాండలే, మే నెల ప్రారంభమున రంగూను వశమయ్యెను. మూడేండ్ల క్రిందట ఓడి నడచిన దేశమున ఆ సైన్యము తిరిగి అడుగిడెను.

యుద్ధానంతరము స్లిమ్ బ్రిటిషు సైన్యమున అత్యున్నత పదవి నందెను. 1953 నుండి 1960 వరకు ఆస్ట్రేలియాకు గవర్నరు జనరలుగ నుండెను. 1956లో అతడు తన బర్మా యుద్ధానుభవములను గ్రంథముగ ప్రకటించెను. సేనానులు వ్రాయు గ్రంథములలో ఆత్మస్తుతి సాధారణము. ఈ గ్రంథమున మాత్రము రచయిత తన తప్పులను తానే ఎత్తిచూపి, గెలుపునకు కారకులు సైనికులని చెప్పెను. 1970వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన అతడు మరణించెను.

1942వ సంవత్సరము మే నెలలో ఇంఫాలు బాటప్రక్కన నిలిచిన నాడు స్లిమ్ చేతిలో గెలుపు లేదు, కీర్తి లేదు. బడలిన సైనికులు, తన్ను తాను ప్రశ్నించుకొను మనస్సు మాత్రమే యుండెను. ఆ ప్రశ్నలకు అతడు నిజమైన సమాధానములు చెప్పుకొనెను. పరీక్షలో తప్పినవాడును, పంటలో నష్టపడినవాడును, పనిలో భంగపడినవాడును ఏదో యొకనాడు అట్టి బాటప్రక్కన నిలువవలసినవారే. నాడు ఇతరులను నిందించినవాడు అచ్చటనే నిలిచిపోవును. తన లోపమును తాను గుర్తించినవాడు ముందునకు నడచును.